బడి జట్టు ఎంతదాకా వెళ్లాలి?



ఈ ఉపన్యాసం ఒక డ్రిల్లు మాస్టారి స్మృతిలో జరుగుతోంది. ఆయన మంచితనం గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. ఆయన పిల్లల్ని ఏటా ఏ పోటీలకు తీసుకెళ్లేవారో, ఆ పోటీలను ఎవరు ఎలా ఏర్పాటు చేశారో, కాలక్రమంలో అవి ఎలా మారాయో నేను చెబుతాను. ఎవరిని ఎవరితో ఆడించాలి, గెలిచినవాళ్లు తర్వాత ఎక్కడికి వెళ్లాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఈ చరిత్రంతా తిరిగింది. మొదటి ప్రశ్నకు మనం సగం జవాబే ఇచ్చామని, రెండోదానికి ఇచ్చిన జవాబు మార్చుకోవాలని నా అభిప్రాయం. దాన్ని దాచుకోకుండా ముందే చెబుతున్నాను.

కోస్తా జిల్లాల్లో పాతవాళ్లు బడి ఆటల్ని గ్రిగ్ పోటీలు అనేవారు. కొన్నిచోట్ల ఇప్పటికీ అంటారు. 19వ శతాబ్దం చివర మద్రాసు ప్రెసిడెన్సీ విద్యాశాఖకు డైరెక్టరుగా ఉన్న హెచ్.బి. గ్రిగ్ పేరు మీద వచ్చిన పోటీలివి. నీలగిరి జిల్లా మాన్యువల్ రాసింది కూడా ఆయనే. ఈ పోటీల్లో బడి బడిగానే ఆడేది. గెలిస్తే షీల్డు బడికి వచ్చేది. హెడ్మాస్టరు గదిలో బీరువా మీద నిలబెట్టిన ఆ షీల్డును ఊరంతా వచ్చి చూసేది.

1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాక ఈ పోటీలకు శాస్త్రం తోడైంది. అక్కడా, ఆ తర్వాత వచ్చిన కళాశాలల్లోనూ చదువుకున్నవాళ్లు మన బళ్లకు డ్రిల్లు మాస్టర్లుగా వచ్చారు. పిల్లల్ని వర్గాలుగా విడదీయడం వాళ్ల చదువులో ఒక పాఠం. అమెరికాలో మెక్లాయ్ అనే ఆచార్యుడు దానికొక సూత్రం కట్టాడు. వయసును 20తో, అంగుళాల్లో ఎత్తును 6తో గుణించి, పౌండ్లలో బరువు కలపాలి. బోర్డు లేకుండానే లెక్క వేసి చూద్దాం. పద్నాలుగేళ్ల పిల్లవాడు అయిదడుగుల ఎత్తు, 90 పౌండ్ల బరువు ఉంటే 280, 360, 90 కలిపి 730. అదే తరగతిలో అదే వయసువాడు అయిదున్నర అడుగులు, 120 పౌండ్లు ఉంటే 280, 396, 120 కలిపి 796. రిజిస్టరులో పుట్టిన సంవత్సరం ఒకటే. కబడ్డీ కోర్టులో ఒకణ్ని ఇంకొకడు ఎత్తి అవతల పడేస్తాడు. ఈ సూత్రాన్ని బీపీఈడీ పరీక్షకు చదవనివాళ్లు ఈ సభలోని వ్యాయామోపాధ్యాయుల్లో, అంటే పీఈటీల్లో, ఉండరు. మైదానంలో వాడినవాళ్లు ఎందరున్నారో మీకే తెలియాలి.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడాదే, 1954లో, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1956లో హైదరాబాదు మనతో కలిసింది. హైదరాబాదుకు బడి ఆటల్లో తనదైన సంప్రదాయం ఉంది. ఫుట్‌బాల్‌లో 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అసలు బడి పంతులే. కుర్రాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టాడు. అలవాటు లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఇంకొన్ని నడిపాడు. పాస్ ఇవ్వక తప్పని పరిస్థితి వచ్చాక వాళ్లకు పాస్ ఇవ్వడం వచ్చింది. పోటీ నియమం మారితే పిల్లవాడి ఆట మారుతుందన్నదానికి తెలుగునేల మీద ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడదు.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వయసును పట్టుకుంది. ఇవాళ మనకు తెలిసిన అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలు దానివే. కబడ్డీ లాంటి ఆటలకు బరువు పరిమితి కూడా ఉంది. ఆ మేరకు మెక్లాయ్ మాట కొంత నిలిచింది. కానీ ఫెడరేషన్ తెచ్చిన అసలు మార్పు వేరే ఉంది. జాతీయ పోటీల్లో ఆడేది రాష్ట్ర జట్టు. రాష్ట్ర జట్టును జిల్లాల నుంచి ఎంపిక చేయాలి, జిల్లా జట్టును కింది మెట్ల నుంచి ఎంపిక చేయాలి. దాంతో మొదటి మెట్టు దాటగానే బడి జట్టు కనిపించకుండా పోతుంది.

ఇది మనకు ఎంతగా అలవాటైందంటే, వింతగా కూడా అనిపించదు. కాస్త దగ్గరగా చూద్దాం. ఒక జిల్లా పరిషత్ హైస్కూలు కబడ్డీ జట్టు మండలంలో గెలిచింది. జట్టులో పన్నెండు మంది. ఏడుగురు కోర్టులో, అయిదుగురు బయట. ఫైనల్ అయిన పావుగంటకు సెలక్షను. అన్ని బళ్ల నుంచి కలిపి పన్నెండు మంది పేర్లు చదువుతారు. గెలిచిన జట్టు రైడరు, ఇద్దరు కార్నర్ల పేర్లు వస్తాయి. మిగతా తొమ్మిది మందికి ఆ ఏడాది ఆట అక్కడితో సరి. గొలుసు పట్టి ఎదుటివాణ్ని ఆపిన కవరు పిల్లవాడు గెలిచి కూడా ఇంటికి వెళతాడు. పై మెట్టు మీద ఆ ముగ్గురు, తమతో ఒక్కరోజైనా సాధన చేయని తొమ్మిది మందితో కలిసి ఆడతారు. ట్యాకిల్‌కు ఎవరు ముందు దూకాలో, ఎవరు వెనక నిలవాలో తెలిసేలోపు మ్యాచ్ అయిపోతుంది. ప్రతిభను ఏరడానికి ఈ పద్ధతి పనికొస్తుంది, కాదనను. బడిలో ఆట బతకడానికి మాత్రం పనికిరాదు.

ఇక మెట్ల సంగతి. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చింది. పరిపాలన గురించి ఎవరి అభిప్రాయం వారిది. ఆటలకు మాత్రం అది మేలు చేసింది. తాలూకా కేంద్రానికి బస్సు ఛార్జీలు పెట్టుకోలేని బడి, మండల కేంద్రానికి సైకిళ్ల మీద వెళ్లగలిగింది. మన మండలంలోని ఉప్పలూరు, కోలవెన్ను, గొడవర్రు, మద్దూరు పిల్లలకు మండల కేంద్రం కంకిపాడు ఎంత దూరం? మొదటి మెట్టు ఇంటి దగ్గరికి వచ్చింది.

రెండో మెట్టు దగ్గర చిక్కుంది. మండలానికీ జిల్లాకూ మధ్య ఒకప్పుడు డివిజన్, మరొకప్పుడు నియోజకవర్గం. కంకిపాడు పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2008 పునర్విభజనలో అది పోయి పెనమలూరు వచ్చింది. కంకిపాడు, పెనమలూరు, ఉయ్యూరు మండలాలు అందులోవి. నియోజకవర్గాల పునర్విభజన సంఘం జనాభా లెక్కలు చూసి గీసిన గీత అది. ఆ గీత మీద పిల్లల ఆట నడిపితే ఏమవుతుంది? కానూరు, పోరంకి, తాడిగడప విజయవాడలో కలిసిపోయిన ఊళ్లు. అక్కడ వేలమంది చదివే ప్రైవేటు విద్యాసంస్థలున్నాయి. పై తరగతుల్లో రెండు వందల మంది కూడా లేని మన పల్లె హైస్కూలు వాటితో ఒకే డ్రాలో పడుతుంది. ఓటర్లకు ఆ హద్దు సమంజసమే కావచ్చు, కబడ్డీ ఆడే పిల్లలకు కాదు.

జిల్లా మెట్టూ నిలకడగా లేదు. 1859లో పుట్టిన కృష్ణా జిల్లా నుంచి 1904లో గుంటూరు, 1925లో పశ్చిమగోదావరి వేరుపడ్డాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది, నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి, కంకిపాడు కొత్త ఉయ్యూరు డివిజన్‌తో మచిలీపట్నం కేంద్రమైన కృష్ణాలో ఉండిపోయింది. కలెక్టర్లు మారారు. స్కూల్ గేమ్స్ ఎంపికలు మాత్రం ఉమ్మడి కృష్ణా జిల్లా పేరుతోనే సాగాయి. జిల్లా పరిషత్ కూడా ఉమ్మడిగానే కొనసాగింది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయినప్పుడూ బడి ఆటల్లో ఉమ్మడి జిల్లాలే నిలిచాయి.

ఎందుకు నిలిచాయి? 13 జిల్లాల కబడ్డీ జట్లంటే రాష్ట్ర పోటీలకు 156 మంది పిల్లలు. 26 జిల్లాలైతే 312 మంది. భోజనం, పడక, రైలు టికెట్లు, రిఫరీలు అన్నీ రెట్టింపు. నిర్వాహకులు జంకారంటే అర్థం ఉంది. కానీ రాష్ట్ర స్థాయి కోర్టు మీద కాలు పెట్టగలిగే పిల్లలు కూడా రెట్టింపు అవుతారని ఆ లెక్కలో ఎవరూ రాసుకోలేదు. జిల్లా జట్టులో చోటు దొరకడం చిన్న విషయం కాదు. అక్కణ్నుంచి రాష్ట్ర జట్టుకు, ఆ పైన జాతీయ స్కూల్ గేమ్స్‌కు వెళితే ఫారం-4 సర్టిఫికెట్ వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి క్రీడా కోటాలో దరఖాస్తు పెట్టే పిల్లవాడు జతచేయాల్సిన కాగితం అదే. వయసు దాచే జబ్బుకు మూలం కూడా ఆ కాగితం మీద ఆశే. 2010లో కేంద్రం వయసు మోసాల మీద నియమావళి తెచ్చింది. కొన్ని క్రీడల్లో మణికట్టు ఎముకలకు ఎక్స్‌రే తీసి చూస్తున్నారు. తలుపు ఇంత ఇరుగ్గా ఉన్నంతకాలం ఆ పరీక్షలన్నీ తలుపు దగ్గర కాపలాగానే మిగులుతాయి.

బయట లోకంలో ఈ చిక్కును ఎలా విప్పారో చూద్దాం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి 1910 నుంచి యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అనే సంస్థ ఉంది. అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టి పరిగెత్తే ఆట. ఆ సంస్థ 1,400కు పైగా ఉన్న ప్రభుత్వ హైస్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి 1ఏ నుంచి 6ఏ దాకా ఆరు వర్గాలు చేస్తుంది. రెండేళ్లకోసారి సంఖ్యలు తెప్పించుకుని మళ్లీ విడదీస్తుంది. ఆ జాబితా కోసం ఊళ్లు ఎదురుచూస్తాయి. నూటయిదు మంది కూడా లేని బడి 1ఏ, రెండు వేల పైచిలుకు ఉన్నది 6ఏ. పదకొండు మందిని తేలేని చిన్న బళ్ల కోసం 1934లో నెబ్రాస్కాలో ఒక ఉపాధ్యాయుడు ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్ కనిపెట్టాడు. టెక్సస్ 1ఏ బళ్లు ఇప్పటికీ ఆ ఆటే ఆడతాయి. ఏ వర్గమైనా, గెలుస్తూ పోతే ఆ బడి తన పేరుతో, తన పిల్లలతో రాష్ట్ర ఫైనల్ దాకా వెళుతుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. సంఖ్య ఒక్కటే బలం కాదు. ఎక్కడి పిల్లల్నైనా చేర్చుకోగల ప్రైవేటు బళ్లు తక్కువ సంఖ్యతో ఎక్కువ కప్పులు కొట్టాయి. ఇల్లినాయ్ రాష్ట్రం 2005లో అలాంటి బళ్ల సంఖ్యను 1.65తో గుణించి పై వర్గంలో వేయడం మొదలుపెట్టింది. ఇండియానా వరసగా గెలిచే జట్టును పై వర్గానికి పంపే నియమం 2012లో తెచ్చింది. గొడవలు వస్తాయి, సర్దుకుంటారు. పిల్లల సంఖ్యను అసలు లెక్కలోకే తీసుకోని మన పద్ధతి కన్నా అది మేలు.

మన దగ్గర సంఖ్య లెక్కపెట్టరని కాదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 117వ జీవో కింద ఉపాధ్యాయ పోస్టుల సర్దుబాటు అంతా విద్యార్థుల సంఖ్య మీదే నడిచింది. పిల్లలు తక్కువున్న హైస్కూలు వ్యాయామోపాధ్యాయుణ్ని కోల్పోయే పరిస్థితి అప్పుడే వచ్చింది. చిన్న బడి నుంచి పీఈటీని తీసుకోవడానికి సంఖ్య చూశాం కదా, ఆ బడిని తన సాటి బళ్లతో ఆడించడానికి కూడా అదే సంఖ్య చూడమని అడుగుతున్నాను.

బడి బడిగా జాతీయ స్థాయికి వెళ్లే దారి మన దేశంలో లేకపోలేదు. వైమానిక దళాధిపతి సుబ్రతో ముఖర్జీ పేరున 1960లో మొదలైన సుబ్రతో కప్ ఫుట్‌బాల్‌లో రాష్ట్రంలో గెలిచిన బడి జాతీయ పోటీలకు వెళుతుంది. 2012 నుంచి అమ్మాయిలకూ ఆ దారి తెరిచారు. ఈ పద్ధతి కబడ్డీకి, వాలీబాల్‌కు, ఖోఖోకు ఎందుకు ఉండకూడదు?

ఇక మన మండలం విషయం. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండా మనం చేయగలిగింది ఒకటుంది. పదకొండు బళ్లు వచ్చాయనుకోండి. నాకౌట్ ఫిక్చర్ వేస్తే అయిదు బైలు, మొత్తం పది మ్యాచ్‌లు, సాయంత్రానికి ఖతం. సగానికి పైగా బళ్లు ఒక్క మ్యాచ్ ఆడి వెళ్లిపోవచ్చు. అందరితో అందరూ ఆడే లీగ్ అయితే 55 మ్యాచ్‌లు, మన వల్ల కాదు. సంఖ్యను బట్టి చిన్న బళ్లు ఆరు ఒక పూల్, పెద్ద బళ్లు అయిదు ఇంకో పూల్ చేస్తే పదిహేను, పది కలిపి 25 మ్యాచ్‌లు. ప్రతి పూల్‌కూ ఒక ఫైనల్ పెడితే 27. రెండు కోర్టుల మీద మూడు రోజుల పని. ప్రతి బడీ కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడుతుంది. చిన్న బళ్లలో గెలిచినదానికి ఒక షీల్డు, పెద్దవాటిలో గెలిచినదానికి ఒక షీల్డు. మండల సెలక్షను ఆ తర్వాత ఎప్పటిలాగే జరుపుకోవచ్చు. ఇరవై ఏడు మ్యాచ్‌లు చూశాక ఎంపిక చేసేవాళ్లకు పిల్లల ఆట ఇంకా బాగా తెలుస్తుంది.

అమ్మాయిల కోసం ఇంకో మాట. పన్నెండు మందిని తేలేమని ఎంట్రీ పంపని బళ్లున్నాయి. ఉన్న ఆరేడుగురు ఆడాలని ఎదురుచూస్తూ ఉంటారు. అయిదుగురితో ఆడే కబడ్డీ విభాగం ఒకటి పెడదాం. కోర్టు కొలతలు, రైడు నియమాలు పీఈటీలు కూర్చుని తేల్చుకోగలరు. నెబ్రాస్కాలో ఆ పని చేసింది కూడా ఒక బడి పంతులే.

బళ్ల సంఖ్యలు మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో యూడైస్ అనే బడుల గణాంకాల్లో ఉన్నాయి, కొత్తగా సేకరించాల్సిన పని లేదు. సున్నం, కోర్టు తాళ్లు, మూడు రోజుల మధ్యాహ్నం భోజనాల ఖర్చు ఈ సభ ఏర్పాటు చేసిన స్మారక సంఘం భరిస్తుందని కార్యదర్శిగారు ఇందాక నాతో అన్నారు. రిఫరీలుగా నిలవగల పీఈటీలు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లు సభ కాగానే వేదిక దగ్గరికి వచ్చి, తమ బడి పేరు, ఆరు నుంచి పది దాకా పిల్లల సంఖ్య, అబ్బాయిలూ అమ్మాయిలూ విడివిడిగా, రాసి ఇవ్వమని కోరుతున్నాను.