గిజిగాని ఆఫ్రికా బంధువులు

తాటిమట్టల కొసలనుండియు, నూతిపైకి వంగిన కొమ్మలనుండియు వ్రేలాడు గిజిగాని గూళ్లు మనకు చిరపరిచితములు. ఈ గిజిగాని కుటుంబమున నూటికి పైగా జాతులు కలవు. వానిలో అధికభాగము ఆఫ్రికా ఖండమున నివసించును. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున ఈ బంధువర్గములో మూడింటిని పరిశీలించినచో, వీని బ్రతుకు గడ్డితో ఎట్లు ముడివడియున్నదో తెలియగలదు.

మొదటిది ఊరి గిజిగాడు. మగపిట్టకు పసుపుపచ్చని మేను, నల్లని తల. ఇవి ఊళ్లలోని చెట్లపై గుంపులుగా కాపురముండును. మగపిట్ట పచ్చిగడ్డిని, ఆకులను పీలికలుగా చీల్చి, మొదట ఒక వలయము నల్లి, దాని నాధారముగా గూడు కట్టును. పిదప ద్వారము క్రింద తలక్రిందులుగా వ్రేలాడుచు, రెక్కలార్చి ఆడుపిట్టను పిలుచును. ఆమె లోనికి పోయి పరీక్షించును. గూడు ఎండి వన్నె తగ్గువరకు ఎవరును మెచ్చనిచో, దానిని తానే పీకివైచి క్రొత్తది ఆరంభించును.

రెండవది కినాన్‌గోప్ పీఠభూమి బయళ్లలోని పొడుగుతోక పిట్ట. మగదాని నల్లని తోక సుమారు అర మీటరుండును. స్వీడన్ శాస్త్రజ్ఞుడు మాల్టే ఆండర్సన్ అచట కొన్ని మగపిట్టల తోకలు కత్తిరించి, ఆ ఈకలను మరికొన్నింటి తోకలకు అతికించెను. తోక పొడిగింపబడిన వాని నెలవులలో ఆడుపిట్టల గూళ్లు ఎక్కువగా వెలసినవని 1982లో ప్రకటించెను. ఈ గూళ్లు గడ్డిదుబ్బులలోనే ఉండును. ఆ బయళ్లు నానాటికి దున్నబడి పొలములగుచున్నవి. దుబ్బు పోయినచోట ఈ పిట్టకు నిలువ నీడ లేదు.

మూడవది క్వీలియా. పిచ్చుకకంటె చిన్నది, ఎర్రని ముక్కు కలది. దీని సహజాహారము అడవిగడ్డి గింజలు. దినమునకు సుమారు 10 గ్రాములు తినును. 10 లక్షల పిట్టలు పొలముపై వ్రాలినచో ఒక్కదినమున 10 టన్నుల ధాన్యము మాయమగును. వరుస అనావృష్టిచే బీళ్లలో గడ్డి నశింపగా, 2023 జనవరిలో ఇవి కిసుము ప్రాంతపు వరిపైరుపై పడినవి. ప్రభుత్వము ఫెంథియాన్ అను విషమును చల్లించెను.

ఏడాది పంటపై ఆధారపడిన రైతు చేతులు ముడుచుకొని కూర్చుండజాలడు. కాని విషము తగిలిన పిట్టలను తిన్న గ్రద్దలును, డేగలును కూడ చచ్చును. మరుసటి కరవునకు క్వీలియా మరల వచ్చును. బీళ్లలో గడ్డి గింజ పట్టిననాడు దానికి పైరుతో అంతగా పని లేదు. కావున పైరుతోపాటు పచ్చికబీళ్లను కాపాడుకొనుటయు అచటి రైతునకు మేలే.