తిరుగు ప్రయాణం తేదీ



 1971లో కలకత్తా శివారు సాల్ట్‌లేక్‌లో మురుగునీటి కోసం తెచ్చిపడేసిన సిమెంటు గొట్టాల్లో శరణార్థుల కుటుంబాలు కాపురం పెట్టాయి. ఆ ఏడాది మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్‌లోని ఢాకాలో ఊచకోత మొదలుపెట్టింది. ఏడాది చివరికి సరిహద్దు దాటి భారత్‌కు వచ్చినవాళ్లు సుమారు కోటి మంది.

వాళ్ల వెంట కలరా వచ్చింది. సరిహద్దు పక్కనున్న బొంగావ్ ఆస్పత్రిలో మంచాలు చాలక రోగులు నేలమీదే పడి ఉన్నారు. సెలైన్ నిండుకుంటోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల చుట్టాల చేతే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. మానవతా జోక్యం అనగానే ట్యాంకులు గుర్తొస్తాయి గానీ, అసలు జోక్యం ముందు ఇక్కడే జరిగింది.

సైన్యం వంతు డిసెంబరులో వచ్చింది. 3వ తేదీ సాయంత్రం ఇందిరా గాంధీ కలకత్తాలోనే ఉన్నారు. పశ్చిమ సరిహద్దులోని మన విమానాశ్రయాల మీద పాకిస్తాన్ దాడి చేసింది. ఆ రాత్రే విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' మునిగింది. మన సైన్యం తూర్పు బెంగాల్‌లోకి కదిలింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో మన ప్రతినిధి సమర్ సేన్, తూర్పు బెంగాల్ ప్రజలను కాపాడటమే భారత్ ఉద్దేశమన్నారు. ప్రపంచం ఒప్పుకోలేదు. 7వ తేదీన జనరల్ అసెంబ్లీలో కాల్పుల విరమణ కోరుతూ 104 దేశాలు ఓటేశాయి, వ్యతిరేకించినవి 11.

మనకు స్వార్థమే లేదనడం బుకాయింపు. కోటిమంది తిండి భారం ఉంది, శత్రుదేశం రెండు ముక్కలవుతుందన్న ఆశా ఉంది. అయినా 16న పాక్ సైన్యం లొంగిపోయాక, 1972 మార్చిలోనే మన దళాలు ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వెనక్కి వచ్చేశాయి. ఆ యుద్ధానికి మర్యాద తెచ్చింది సమర్ సేన్ ప్రసంగం కాదు, ఆ కవాతే.

1987లో శ్రీలంకకు శాంతిసేనగా వెళ్లిన మన సైనికులకు ఆ అదృష్టం దక్కలేదు. కాపాడబోయిన తమిళుల గడ్డమీదే తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈతో పోరాడి, సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990లో తిరిగొచ్చారు. లిబియా సంగతీ చూశాం: 2011లో పౌరుల రక్షణ పేరిట బాంబులు వేశారు. పాలకుడు గద్దాఫీ పోయాడు, అంతర్యుద్ధం పోలేదు. ఆ దాడులకు దారి ఇచ్చిన భద్రతా మండలి తీర్మానంపై ఓటింగ్‌కు భారత్ దూరంగా ఉండటం సబబే.

పట్టభద్రులారా, మీలో కొందరు రేపు ఢిల్లీ కార్యాలయాల్లో కూర్చుంటారు. పొరుగుదేశానికి సైన్యాన్ని పంపే ఫైలు మీ బల్లమీదికి వస్తే, పిలిచిందెవరో, తిరిగొచ్చేదెప్పుడో అందులో రాసి ఉందేమో చూడండి. లేకపోతే సంతకం పెట్టకండి.