వీణ మళ్ళీ చేతపట్టేవారికి



పెళ్ళికి ముందు వీణ నేర్చుకుని, తరవాత సంసారంలో పడి దాన్ని గవిసెనలో కట్టి అటకెక్కించినవారు మనలో చాలామందే ఉన్నారు. పిల్లలు పెద్దవాళ్ళై కాస్త తీరిక చిక్కాక తీగలు మార్పించి మళ్ళీ కూచుంటారు. కూచోగానే చేసేదేమిటి? ఆనాడు పెళ్ళిచూపుల్లో వాయించిన కీర్తన ఎత్తుకోవడం! పల్లవి గడుస్తుంది. అనుపల్లవికి వేళ్ళు తడబడతాయి, తాళం జారుతుంది.

నాకు తెలిసిన ఒకావిడ ఇరవై ఏళ్ళ తరవాత ఇలాగే మొదలుపెట్టి, నెల తిరక్కుండానే "నా చేతులు ముదిరిపోయాయమ్మా, వీణ ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది. వాయించమని కూచుని విన్నాను. చేతులు శుభ్రంగా ఉన్నాయి. వచ్చినచోట పరుగు, రానిచోట నడక, అదీ సంగతి! వీణ ఇచ్చెయ్యాల్సిన అవసరం ఏమీ లేదు.

చిన్నతనమనుకోకుండా సరళీవరసలకే వెళ్ళండి. మాయామాళవగౌళ రాగం, ఆదితాళం, మొదటి వరస. గోడగడియారంలో సెకనుకొక స్వరం, అంటే నిమిషానికి 60. సెల్‌ఫోనులో మెట్రోనోము ఉంటే ఇంకా మంచిది. మొదటికాలంలో ఆరోహణకొక ఆవర్తనం, అవరోహణకొకటి. రెండోకాలంలో రెండూ కలిపి ఒక్క ఆవర్తనం. మూడోకాలంలో ఆ 16 స్వరాలనూ రెండుసార్లు వాయిస్తేగాని ఆవర్తనం నిండదు. ఇక్కడే మన బండారం బయటపడుతుంది.

ఎందుకంటారా? సారణి తీగమీద పైకి పోతున్నప్పుడు ఎడమచెయ్యి మెట్లమీద జరగాలి కదా. జరిగేచోట క్షణం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం పూడ్చుకోవడానికి తరవాతి రెండు స్వరాలు తోసేస్తాం. మనం లయ లేదనుకుంటాం గాని, చాలాసార్లు అది వేళ్ళ జబ్బే. చూపుడువేలు, మధ్యవేలు తీగకు దగ్గరగా ఉంచండి, ఎగరేయకండి. వేలికొసలకు చుక్క కొబ్బరినూనె రాస్తే చెయ్యి సులువుగా జారుతుంది. జరిగే ఆ రెండు స్వరాలనే విడిగా పదిసార్లు వాయించి, తరవాత వరసలో కలపండి.

చిటికెనవేలిని మరిచిపోకండి. పక్కనున్న మూడు తాళపు తీగలు అలంకారానికి కాదు. లఘువు మొదట ఒకసారి, రెండు ద్రుతాల మొదట ఒక్కొక్కసారి మీటుతూ ఉంటే, తాళం వేసే మనిషి పక్కన కూచున్నట్టే. ఇది కుదిరాక జంటవరసలు పట్టండి. జంటలో రెండో స్వరం మీద మీటు గట్టిగా పడాలి. రెండూ ఒకే బరువుతో మీటితే అది జంట కాదు, నత్తి.

వీణ దగ్గర లేనప్పుడు కూడా సాధన చెయ్యొచ్చు. కూర వేగుతుండగా కాలితో తాళం వేస్తూ స్వరాలు నోటితో మూడుకాలాలూ అనండి. నోటికి రానిది వేలికి రాదు. ఈమని శంకరశాస్త్రిగారివీ, చిట్టిబాబుగారివీ రికార్డులు వింటే, తాళం వేస్తూ వినండి.

నెల తరవాత కీర్తన ముట్టుకోండి. తప్పితే తప్పినచోట ఆగి మొదలుపెట్టకండి, ఒక ఆవర్తనం వెనక్కి వెళ్ళి ఎత్తుకోండి. ఇదంతా రోజూ అరగంటే. ఆ అరగంటా పొయ్యిమీద పాలుపెట్టి మాత్రం కూచోకండి!