ఒక పద్దు, మూడు జాబితాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం కూడా వారే ఇచ్చారు. మన సంఘం కంప్యూటరులో ఉన్న డి.ఆర్. బకాయిల లెక్క ఎలా తయారయింది, కిందటి సంవత్సరం మన సభ్యుల్లో 11 మందికి తప్పు లెక్క ఎందుకు వచ్చింది అన్నవి వారడిగిన రెండు ప్రశ్నలు. రెండోదానికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే. ఆ కాగితాలు సభ్యుల చేతుల్లో పెట్టింది నేను కనుక.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి, 36 సంవత్సరాలు గుమాస్తాగిరి చేసి, 2008లో రిటైరయ్యాను. కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. మా సెక్షనుకు కంప్యూటరు వచ్చిన కొత్తలో దానికి దుమ్ము పడకుండా గుడ్డ కప్పడమే నేను చేసిన సేవ. ఈ ప్రోగ్రాము రాసింది ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు. పక్కన కూర్చుని పెన్షను లెక్కలు చెప్పడం, జాబితాలు సరిచూడడం నా వంతు.

డి.ఆర్. ఉత్తర్వు వచ్చినప్పుడల్లా అది వెనుకటి తేదీ నుంచి వర్తిస్తుందని మీకు తెలుసు. ఎవరికెంత బకాయి రావాలో చేత్తో లెక్కవేసి ఇస్తుండేవాణ్ణి. కళ్లు సహకరించడం మానేశాక మనవరాలిని అడిగాను. "తాతయ్యా, ఎవరి కంప్యూటరులో నడవాలి?" అని అడిగింది. అక్కడే చిక్కు వచ్చింది. మన సంఘం ఆఫీసులోది విండోస్. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోది లినక్స్. మా అమ్మాయి ఇంట్లో ఉన్నది మ్యాక్. ఒకదాని కోసం రాసింది ఇంకొకదానిలో నడవదు. ఈ మూడింటికీ పనికివచ్చేలా ఒక్కసారే రాసుకునే సాధనం ఒకటుందని చెప్పింది. దాని పేరు డబ్ల్యు.ఎక్స్. విడ్జెట్స్.

దీని చరిత్ర కొంచెం చెబుతాను. స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ అనే ఆయన 1992లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన రాస్తున్న ప్రోగ్రాము సన్ కంపెనీ యంత్రాలమీదా, విండోస్ మీదా రెండింటిలోనూ నడవాలి. అందుకోసం తయారుచేసుకున్న సాధనాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. విండోస్‌లోని "డబ్ల్యు", యూనిక్స్ యంత్రాల తెరలకు వాడే ఎక్స్ విండో పద్ధతిలోని "ఎక్స్" కలిపి ఆ పేరు పెట్టారు. మొదట డబ్ల్యు.ఎక్స్. విండోస్ అనేవారు. మైక్రోసాఫ్ట్ కోరిక మీద 2004లో విడ్జెట్స్ అని మార్చారు. కిటికీ, బటను, ఖాళీ పూరించే గడి వంటివాటిని ఏ యంత్రం మీద ఆ యంత్రం సొంత పద్ధతిలోనే చూపడం దీని గుణం. సర్క్యూట్ల నమూనాలు గీసే కైక్యాడ్, ఫైళ్లు పంపుకునే ఫైల్‌జిల్లా దీనితోనే తయారయ్యాయి.

ఇక అసలు విషయం. మనిషి రాసిన ప్రోగ్రాము యంత్రానికి నేరుగా అర్థం కాదు. దాన్ని యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న ఫైళ్లుగా రాస్తారు. ఒక్కొక్క ఫైలు మారి ఒక్కొక్క ముక్క అవుతుంది. చివరకు అన్ని ముక్కలనూ లింకరు అనేది కలిపి కుడుతుంది. ఏయే ఫైళ్లు ఉన్నాయి, ఏది దేనిమీద ఆధారపడింది, ఏ క్రమంలో మార్చాలి అన్నది రాసిపెట్టిన కాగితమే మేక్‌ఫైలు. పెన్షను ప్రతిపాదనల మీద మనం కుట్టి పంపే జతపరచిన కాగితాల జాబితా లాంటిదన్నమాట. ఆ జాబితా చదివి పని చేయించే "మేక్" అనే ప్రోగ్రామును 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. అది తేదీలు, వేళలు చూస్తుంది. మనిషి రాసిన ఫైలు, దాని నుంచి వచ్చిన ముక్క కంటే కొత్తదైతేనే మళ్లీ మారుస్తుంది. లేకపోతే పాత ముక్కనే ఉంచుతుంది. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. కథంతా ఇక్కడే ఉంది.

లినక్స్‌కు, మ్యాక్‌కు ఒకే జాబితాతో సరిపెట్టాం. విండోస్‌కు అలా కుదరలేదు. అక్కడ కంపైలర్లు ఒకటి కంటే ఎక్కువ. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సి ప్లస్ ప్లస్ ఒకటి. ఉచితంగా దొరికే మిన్‌జిడబ్ల్యు ఒకటి. ఒకదానితో మార్చిన సి ప్లస్ ప్లస్ ముక్కలను రెండోదానితో మార్చినవాటికి కుట్టలేం. లోపల పేర్లు రాసుకునే తీరే వేరు. ఒకరి ముక్కల పేర్ల చివర "ఓబిజె" అని ఉంటే ఇంకొకరివాటి చివర "ఓ" అని మాత్రమే ఉంటుంది. జాబితా రాసే వ్యాకరణం కూడా వేరే. మిన్‌జిడబ్ల్యు వారి మేక్‌లో ఆదేశం ముందు ట్యాబ్ మీట నొక్కి తీరాలి. మామూలు ఖాళీ వదిలితే ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ వారి ఎన్‌మేక్ రెండింటినీ ఒప్పుకుంటుంది. మన ఆఫీసులోని పాత కంప్యూటరులో చోటు చాలక మిన్‌జిడబ్ల్యు పెట్టాం. కోశాధికారిగారి అబ్బాయి ఇంట్లో విజువల్ సి ప్లస్ ప్లస్ ఉంది. అంటే ఒకే ప్రోగ్రాముకు మూడు జాబితాలు. మూడూ చేత్తో రాసినవే.

మొదటి పొరపాటు త్వరగానే బయటపడింది. ఫ్యామిలీ పెన్షను లెక్కకు మనవరాలు ఒక కొత్త ఫైలు రాసింది. లినక్స్ జాబితాలో, మిన్‌జిడబ్ల్యు జాబితాలో చేర్చింది. మూడోదానిలో మరచిపోయింది. కోశాధికారిగారి ఇంట్లో లింకరు ఆగిపోయింది. ఫలానా పేరుగల పని ఎక్కడా దొరకలేదని చెప్పి ఊరుకుంది. నేను మూడు జాబితాలూ కాగితం మీద అచ్చు తీయించి, స్కేలు పెట్టుకుని, వరుసవరుసకూ టిక్కు కొడుతూ అరగంటలో పట్టుకున్నాను. మనవరాలు మెచ్చుకుంది. నాకూ కాస్త గర్వం కలిగింది.

రెండో పొరపాటు అలా కాదు. కొత్త డి.ఆర్. రేటు వచ్చింది. రేట్లన్నీ ఒకే హెడ్డరు ఫైలులో ఉంటాయి. హెడ్డరు అంటే చాలా ఫైళ్లు ఉమ్మడిగా చూసుకునే పట్టిక. ఆ పట్టికలో రేటు మార్చాం. లినక్స్ జాబితాలో, ఏ ముక్క ఏ హెడ్డరు మీద ఆధారపడిందో కంపైలరే రాసుకునేలా ఒక ఆదేశం ఉంది. మిన్‌జిడబ్ల్యు జాబితాలో ఆ ఆదేశం రాయలేదు. అందుచేత ఆఫీసు కంప్యూటరులో "మేక్" తేదీలు చూసి, ఫ్యామిలీ పెన్షను ఫైలు మారలేదు కదా అని పాత ముక్కనే ఉంచేసింది. మిగతా ఫైళ్లలో వేరే మార్పులు ఉండడం వల్ల అవి కొత్తగా మారాయి. ఏ అభ్యంతరమూ రాలేదు. ప్రోగ్రాము తెరుచుకుంది. సర్వీసు పెన్షనర్లకు కొత్త రేటు, ఫ్యామిలీ పెన్షనర్లకు పాత రేటు అచ్చయి వచ్చాయి. నేను 11 మంది సోదరీమణులకు ఆ కాగితాలు ఇచ్చాను.

వారిలో ఒకరు ఆ కాగితాన్ని బ్యాంకు పాసుపుస్తకంతో పోల్చుకున్నారు. బ్యాంకులో ఎక్కువ పడింది. నా లెక్కలో తక్కువ ఉంది. సంఘం లెక్కే నిజమని ఆమె నమ్మారు. రేపు రికవరీ పెడతారేమోనని భయపడి ఆ డబ్బు ముట్టుకోలేదు. కంటి ఆపరేషను వాయిదా వేసుకున్నారు. రెండు నెలల తర్వాత వాళ్లబ్బాయి వచ్చి అడిగితే గాని నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే పాత ముక్కలన్నీ తుడిపించి మొదటినుంచి మళ్లీ తయారుచేయించాం. మర్నాడు ఉదయం ఆమె ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. మిగతా పదిమంది ఇళ్లకూ వెళ్లి కాగితాలు మార్చి ఇచ్చాను. ఆ ఆపరేషను తర్వాత జరిగింది. ఆమె ఈ సభలోనే ఉన్నారు.

మనవరాలు బాధపడి, "తాతయ్యా, ఒక్క వరుస రాయలేదు, అంతే కదా, ఇంత పని జరిగిందేమిటి?" అన్నది. అప్పుడు ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ అమ్మాయికి చెప్పాను. మీకూ చెబుతాను.

1984లో మా సెక్షనులో ఒక ఉద్యోగికి వార్షిక ఇంక్రిమెంటు మంజూరయింది. ఇంక్రిమెంట్ల రిజిస్టరులో రాశాను. పే బిల్లులో కలిపాను. సర్వీసు రిజిస్టరు ఆ రోజు బీరువాలో ఉంది, తాళం ఇంకొకరి దగ్గరుంది. రేపు రాద్దామనుకుని మరచిపోయాను. జీతం సరిగ్గానే వస్తోంది కనుక ఎవరూ అడగలేదు. కొన్ని నెలలకు ఆయన హఠాత్తుగా పోయారు. కాగితాలు సర్వీసు రిజిస్టరు ప్రకారం వెళ్లాయి. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను పాత జీతం మీద కట్టారు. తేడా నెలకు 22 రూపాయలు. ఆ రోజుల్లో ఇద్దరు పిల్లల తల్లికి అది చిన్న మొత్తం కాదు. 14 నెలల తర్వాత వేరే పనికి ఆ రిజిస్టరు తీసినప్పుడు నేనే చూశాను. సవరణకు రాసి బకాయి ఇప్పించాను. ఆలస్యానికి కారణం నేనని మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామన్నా ఆమె లేరు. ఈసారి వెంటనే వెళ్లి చెప్పడానికి అదే కారణం.

ఆ మాట విన్న తర్వాత మనవరాలు, "ఆ విడ్జెట్స్ వాళ్లకు మనకంటే ఎన్నో రెట్లు ఫైళ్లున్నాయి కదా, వాళ్లెలా నెట్టుకొస్తున్నారో చూద్దాం" అన్నది. చూశాం. వారికి వందల ఫైళ్లు. ఒకప్పుడు విండోస్‌లోనే మైక్రోసాఫ్ట్, బోర్లండు, వాట్‌కామ్, మిన్‌జిడబ్ల్యు అని నాలుగైదు కంపైలర్లకు జాబితాలు ఇవ్వవలసి వచ్చేది. విజువల్ స్టూడియో ప్రాజెక్టు ఫైళ్లు వేరే. ఆ ఫైళ్ల రూపు కూడా స్థిరంగా ఉండలేదు. 1998లో వచ్చిన ఆరో వెర్షనులో ఒక రకం, 2002 నుంచి 2008 దాకా ఒక రకం, 2010 నుంచి మరొక రకం. కంపైలరు మారినప్పుడల్లా కూర్చుని అన్నీ తిరగరాయాలంటే ఎవరి తరం?

వారు కనిపెట్టిన ఉపాయం సులువైనది. ఫైళ్ల పేర్లు ఒకే చోట రాస్తారు. ఆ ఒక్క జాబితా నుంచే తక్కిన జాబితాలన్నీ ఇంకొక ప్రోగ్రాము చేత రాయిస్తారు. మొదట్లో టిమేక్ అనే సాధనం వాడారు. తర్వాత వాత్స్లావ్ స్లావిక్ అనే ఆయన బేక్‌ఫైల్ అనేదాన్ని రాశారు. అలా వచ్చిన జాబితా పైన, ఇది యంత్రం రాసినది, దీన్ని చేత్తో దిద్దవద్దు, దిద్దినా నిలవదు అన్న అర్థంలో హెచ్చరిక ఉంటుంది. అది చదివి నాకు ముచ్చటేసింది. నకలును దిద్దకు, అసలును దిద్దు అని మా పాత సూపరింటెండెంటుగారు చెప్పిన మాటే అది. ఎవరి ఇష్టాన్నిబట్టి మారే సంగతులను, అంటే పరీక్షకు తయారుచేస్తున్నామా, వాడకానికా వంటివాటిని, ఒక్కొక్క కంపైలరుకు ఒక విడి ఫైలులో ఉంచుతారు. ఎవరు ఏ మార్పు పంపినా దాన్ని రకరకాల యంత్రాలమీద తయారుచేసి చూసే ఏర్పాటు కూడా ఉంది.

మేమూ అదే దారి పట్టాం. ఇప్పుడు మన ప్రోగ్రాముకు జాబితా ఒక్కటే. మూడు మేక్‌ఫైళ్లూ దాని నుంచే వస్తాయి. సభ్యులకు ఇచ్చే ప్రతి తయారయ్యేముందు పాత ముక్కలన్నీ తుడిచేస్తాం. ఒక సర్వీసు పెన్షనరు, ఒక ఫ్యామిలీ పెన్షనరు లెక్కలు నేను చేత్తో వేసి, మూడు యంత్రాల లెక్కలతో పోల్చి, సరిపోతేనే కాగితం మీద సంతకం పెడతాను. సంతకం లేని లెక్క తీసుకోవద్దని మిమ్మల్ని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

మిత్రులారా, పని ఆగిపోయే తప్పు మంచిది. అది తనంతట తాను చెబుతుంది. పని సాగిపోతూ పాత అంకె మిగిలిపోయే తప్పే చెడ్డది. దాని ఫలితం అనుభవించేది మనకు కనబడని ఇంకొకరు. బటన్లు, బొమ్మలు చేసినవారిని అందరూ మెచ్చుకుంటారు. ఎక్కడో కూర్చుని, పాతికేళ్లుగా, ముప్పై ఏళ్లుగా జాబితాలు సరిచూసేవారిని ఎవరూ తలుచుకోరు. మనం ఆ కోవకు చెందినవాళ్లమే. సర్వీసంతా చేసింది అదే పని. కనుక మనమైనా వారిని ఒకసారి తలుచుకోవడం బాగుంటుంది.

చివరిగా ఒక మనవి. ఇంటికి వెళ్లాక మీ పి.పి.ఓ. తీసి, అందులో మీ భార్య లేదా భర్త పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. బ్యాంకు పాసుపుస్తకంలో, ఆధార్‌లో అవే ఉన్నాయా అని టిక్కు కొట్టి చూడండి. తేడా ఉంటే మనం బతికుండగానే దిద్దించుకుందాం. కాగితాలు పట్టుకుని వస్తే నేను ప్రతి శనివారం సంఘం ఆఫీసులో ఉంటాను. స్కేలు, పెన్సిలు నా దగ్గరున్నాయి.