చేతిలో పోసిన మట్టి
(జిల్లా మహాసభలో ఇచ్చిన ప్రసంగం)



ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, పార్లమెంటు ఉన్న ప్రాంతంలోనే, రికన్సిలియేషన్ ప్లేస్ అనే చోట అక్కడి ఆదివాసుల స్మారకాలు కట్టారు. వాటిలో విన్సెంట్ లింగియారి స్మారకం ఒకటి. ఆయన మంత్రి కాదు, సైన్యాధిపతి కాదు. పశువుల మంద తోలిన కూలీ.

ఆయనది గురిండ్జి తెగ. వాళ్ల తాతముత్తాతల నేల వేవ్ హిల్ అనే పశువుల క్షేత్రమై బ్రిటన్‌కు చెందిన వెస్టీ కంపెనీ చేతిలోకి పోయింది. సొంత నేల మీద వాళ్లే కూలీలయ్యారు. కూలి అంటే చాలావరకు పిండి, చక్కెర, టీపొడి, ఉప్పు మాంసం. మన పాలేర్లకు గింజలు కొలిచిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. 1966 ఆగస్టు 23న దాదాపు 200 మంది పిల్లాజెల్లాతో పని మానేసి నడిచిపోయారు. అంతా కూలి గొడవే అనుకున్నారు. వాళ్లడిగింది భూమి. 1967లో గవర్నర్ జనరల్‌కు అర్జీ పెడితే కాదన్నారు. వాళ్లు వాటీ క్రీక్ అనే వాగు దగ్గర మకాం వేసి కదల్లేదు.

తొమ్మిదేళ్లకు, 1975 ఆగస్టు 16న, ప్రధాని గాఫ్ విట్లమ్ అక్కడికే వెళ్లి గుప్పెడు మట్టి లింగియారి అరచేతిలో పోశాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. మనం రైతులం కనుక మట్టితో పాటు ఇచ్చిన కాగితం సంగతి అడగాలి. సుమారు 3,236 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో 8 లక్షల ఎకరాలు. అదీ లీజే! శాశ్వత హక్కు 1986లో గాని రాలేదు. వాళ్లు నడిచిన దారిని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది 2007లో. అంటే భూమి ముందు, గౌరవం తర్వాత.

మన దగ్గర ఇంద్రవెల్లిలో స్తూపం ఉంది. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. దానికి దండలు వేస్తాం, జోహార్లు చెబుతాం. ఏజెన్సీలో ఆదివాసుల భూమి బయటివాళ్లకు పోకూడదని 1/70 చట్టం చెబుతోంది. మరి బినామీ పేర్లతో ఆ భూమి దున్నుతున్నవాళ్లు మనలో లేరా? ఈ మాట ఎత్తితే కుర్చీలు కదులుతాయని తెలుసు. కదలనివ్వండి. గిట్టుబాటు ధర కోసం కలిసి రోడ్డెక్కినవాళ్లం, ఇదీ కలిసే మాట్లాడుకోవాలి.

వచ్చే నెల మండల కమిటీల్లో దీన్ని మొదటి అంశంగా పెడదాం. ఏజెన్సీ గ్రామాల్లో మన సభ్యుల సాగులో ఎవరి భూమి ఎంత ఉందో సర్వే నంబరుతో సహా రాసుకుందాం. ఆ గ్రామాల ఆదివాసీ పెద్దల్ని పిలిచి, వాళ్ల ముందే రాద్దాం.