చేదు దగ్గు



ఐర్లండ్‌లో చలికాలం వచ్చిందంటే దగ్గని ఇల్లుండదు. ఆవిరి పడతాం, మిరియాల పాలు తాగుతాం, రెండు వారాల్లో మర్చిపోతాం. అయితే కాలేయ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి వచ్చే ఒక దగ్గు ఉంది, దాన్ని అలా వదిలేయకూడదు. చాలా అరుదు. అరుదు కాబట్టే తెలిసి ఉండాలని ఈ ప్రసంగం.

ఈ దేశంలో పెద్దవాళ్ళకి కాలేయ మార్పిడి జరిగేది ఒక్కచోటే, డబ్లిన్‌లోని సెయింట్ విన్సెంట్స్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో. 1993 నుంచి చేస్తున్నారు. మన ఇళ్ళలో ఇంకో రకం వాళ్ళూ ఉంటారు: హైదరాబాదులో కొడుకో కూతురో ఇచ్చిన కాలేయం ముక్కతో బతికి, మనవల్ని చూడటానికి ఇక్కడికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు.

కొత్త కాలేయాన్ని అతికేటప్పుడు రక్తనాళాలతో పాటు పైత్యరసం దిగే సన్నని గొట్టాన్నీ కుట్టాలి. అదే దుర్యోధనుడి తొడ. కాలేయానికి రెండు దారుల్లో రక్తం వస్తుంది. ఈ గొట్టానికి మాత్రం, మార్పిడి అయ్యాక, హెపాటిక్ ఆర్టరీ ఒక్కటే దిక్కు. ఆ ధమని మూసుకుపోతే గొట్టం ఎండిపోతుంది. కుట్టు దగ్గర కారడం, ఇరుకైపోవడం కొత్తేమీ కాదు. పదిమందిలో ఒకరి నుంచి నలుగురిలో ఒకరి దాకా ఏదో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. బతికున్న దాత ఇచ్చిన ముక్కలో గొట్టాలు మరీ సన్నం, ఒక్కోసారి రెండు మూడు కూడా ఉంటాయి, కనుక అక్కడ ఇది ఇంకొంచెం ఎక్కువ.

ఇప్పుడు అరుదైన సంగతికి వద్దాం. కింద దారి ఇరుకైతే పైత్యరసం ఊరుకుంటుందా? కాలువకి అడ్డు పడితే నీళ్ళు గట్టు తెంపుకున్నట్టే. కారిన రసం డయాఫ్రం కింద చేరి చీము పడుతుంది. ఆ చీము మెల్లగా డయాఫ్రాన్ని తొలుచుకుని ఊపిరితిత్తిలోకి, అక్కణ్ణించి శ్వాసనాళంలోకి దారి చేసుకుంటుంది. అప్పుడు రోగి దగ్గితే కళ్ళె పసుపుగానో ఆకుపచ్చగానో, ముఖ్యంగా చేదుగా వస్తుంది. పడుకుంటే దగ్గు ఎక్కువవుతుంది. ఆపరేషన్ అయిన నెలలకీ, ఏళ్ళకీ కూడా రావచ్చు.

మామూలు ఇన్ఫెక్షన్‌లోనూ కళ్ళె పచ్చగానే ఉంటుంది కదా అంటారు. నిజమే, డాక్టర్లు కూడా అక్కడే పొరబడతారు. తేడా చెప్పేది చేదు. ఆ మాట రోగి చెబితే తప్ప ఎవరికీ తెలియదు, మన పెద్దవాళ్ళేమో "నోరు బాగా లేదురా" అని ఊరుకుంటారు. కళ్ళెలో బిలిరుబిన్ ఉందేమో పరీక్షిస్తే విషయం తేలిపోతుంది. తర్వాత స్కానులు. వైద్యం కూడా ఊపిరితిత్తి దగ్గర మొదలుకాదు. ఎండోస్కోపీతో ఇరుకైన గొట్టంలో స్టెంట్ వేసి, చీముని బయటికి తీస్తే, పైత్యరసం తన దారిన తాను దిగుతుంది, పైనున్న కన్నం చాలామందిలో పూడుకుంటుంది. పూడకపోతే ఆపరేషన్ తప్పదు. ఆలస్యమైతే ఆ రసం ఊపిరితిత్తిని కాల్చేస్తుంది.

ఇంకొక్క విషయం. టాక్రోలిమస్ వాడేవాళ్ళకి ఒంట్లో చీమున్నా జ్వరం గట్టిగా రాకపోవచ్చు. దగ్గుకని జీపీ రాసే క్లారిత్రోమైసిన్ ఆ మందు మోతాదుని రక్తంలో ప్రమాదకరంగా పెంచుతుంది. అందుకని జీపీ దగ్గర కూర్చోగానే మొదటి మాటగా "నాన్నగారికి కాలేయ మార్పిడి అయింది" అనండి, దగ్గు సంగతి ఆ తర్వాత. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో ఆవకాయ జాడీతో పాటు డిశ్చార్జి కాగితాలూ, మందుల చీటీ ఉన్నాయో లేదో విమానం ఎక్కకముందే ఫోన్ చేసి అడగండి.