బీరువాలోని కంప్యూటర్ మళ్లీ పలికింది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

బయట బల్ల మీద పెట్టిన పాత కంప్యూటర్‌ను చూసే ఉంటారు. పేరు బీబీసీ మైక్రో. 1981లో ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీ తెచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన దేశపు బడులకు వెళ్లినవి ఈ రకం యంత్రాలే. దీని మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్‌లో తీసే ఒక్క ఫోటోకు కూడా చాలదు.

పాత సామాన్లకు వేసేద్దామన్న మాట వచ్చినప్పుడు ముగ్గురం అడిగి తీసుకున్నాం. మదనపల్లె నుంచి నేను, పుంగనూరులో టీవీలు బాగుచేసే మన సహాధ్యాయి, కుప్పంలో ఫిజిక్సు చెప్పే ఇంకొకరు.

మూత తీస్తే లోపల కంపెనీవాళ్లు పెట్టని చిన్న బోర్డు ఒకటి కనిపించింది. దాని నుంచి మూడు తీగలు పెద్ద బోర్డుకు వెళ్లాయి. పటం ఎక్కడా లేదు. చిప్పు మీద అతికించిన కాగితంపై రాత చూడగానే మన లెక్కల సార్ పని అని తెలిసింది. సార్ ఇప్పుడు లేరు, అడుగుదామంటే.

ఇలాంటి చోట అదనపు సామాను పీకేయడం సులువు. కానీ పీకేస్తే సార్ ఏం చేశారో ఎప్పటికీ తెలియదు. అందుకే ముందు ఫోటోలు తీసి, ఏ తీగ ఎక్కడికి పోతోందో గీసుకున్నాం. పవర్ సప్లైలోని పాత కాగితపు కెపాసిటర్లు మార్చాం. ఏళ్లు గడిస్తే అవి చెమ్మ పీల్చి, కరెంటు తగలగానే పొగ కక్కుతాయి. 5 వోల్టులు సరిగా వస్తున్నాయని చూశాకే స్విచ్ వేశాం.

బాగున్న యంత్రమైతే ముందు బొంగురుగా 'బూ' అని, వెంటనే సన్నగా 'బీప్' అంటుంది. ఇది 'బూ' దగ్గరే ఉండిపోయి మోగుతూనే ఉంది. అంటే ప్రాసెసర్ తన మొదటి పనే పూర్తిచేయలేకపోతోంది. చిన్న బోర్డు తీసి చూస్తే 'బీప్' వచ్చింది. జబ్బు ఎక్కడుందో తేలింది.

ఆ బోర్డు మీది ఈప్రోమ్ చిప్పులో ఉన్నదంతా ముందు కాపీ తీసుకున్నాం. తర్వాత కుప్పం మిత్రుడి ఆసిలోస్కోపు పెట్టాం. చిప్పుకు 'నీ వంతు' అని చెప్పే తీగ సున్నా దగ్గరా లేదు, 5 వోల్టుల దగ్గరా లేదు. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. దాంతో చిప్పు తన వంతు కానప్పుడూ మాట్లాడుతోంది. క్లాసంతా ఒకేసారి అరిస్తే ఎవరి మాట వినబడుతుంది? పుంగనూరు మిత్రుడు తీగ మార్చి, 10 కిలో ఓముల రెసిస్టరుతో దాన్ని 5 వోల్టులకు కలిపాడు. ఇక మళ్లీ తెగినా చిప్పు నోరు మెదపదు.

ఇంతకూ ఆ చిప్పులో ఉన్నవి తెలుగు అక్షరాలు! ఈ యంత్రంలో ఒక అక్షరానికి 8 వరుసలు, వరుసకు 8 చుక్కలే చోటు. అందులో పట్టని అక్షరాలను సార్ రెండేసి గళ్లలో పరిచారు. ఇంగ్లీషు తప్ప రాని యంత్రానికి ఓనమాలు దిద్దించారు.

ఈప్రోమ్‌లో రాసింది శాశ్వతం కాదు. అతినీలలోహిత కాంతి తగిలితే చెరిగిపోతుంది. సార్ అతికించిన కాగితం ఊడొస్తోంది, దాని మీద ఇంకొకటి అతికించాం. తీగల పటం మూత లోపల పెట్టాం, చిప్పు కాపీ మన గ్రంథాలయానికి ఇస్తున్నాం.

ఒక మనవి. ఆ అక్షరాలతో సార్ రాయించిన ప్రోగ్రాములు అప్పట్లో క్యాసెట్లలో దాచేవాళ్లం. మీ ఇళ్లలో ఏ అటక మీదైనా ఉంటే పారేయకండి, బడికి ఇవ్వండి. పిల్లలూ, మీరు ఏ యంత్రంలో ఏం మార్చినా, ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. మీ తర్వాత మూత తీసేవాళ్లు మీకు దండం పెట్టుకుంటారు.